అత్త మగ్గం దిగిన సంగతి

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక రాణి సింహాసనం దిగిపోతుంది. రాజు మాటా పలుకూ మానేస్తాడు. ప్రజలు కూడి తీర్పు చెబుతారు. కొత్తగా ఆ కోటలో కాలు పెట్టిన ఒక యువతి మీద ఘోరమైన నింద పడుతుంది. పద్దెనిమిది పర్వాలు రాయాల్సిన సరుకు.

అంత సీను లేదు. మా అత్తకు కూర్చుంటే మంట. సింహాసనం అంటే, కాళ్ళు గుంతలోకి దించి నేసే గుంత మగ్గం దగ్గర కూర్చునే చెక్క పలక. ప్రజలు అంటే మా వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడే నలుగురు ఆడవాళ్ళు. నింద పడిన యువతిని నేను. నిందను కూడా నీళ్ళు పట్టుకునేదాకానే మోశాను.

మా పుట్టిల్లు కర్నూలు పక్కన కల్లూరు. మెట్టినిల్లు జమ్మలమడుగు అవతల ఒక ఊళ్ళో, మగ్గాల వీధిలో. మా ఆయన కడపలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు, ఆదివారం ఇంటికొస్తాడు. ఈ కథలో అతనికి పనేమీ లేదు. ఆదివారాల్లో కూడా పెద్దగా ఉండదు. కాబట్టి ఇంట్లో మిగిలింది అత్త, మామ, నేను, మగ్గం. నలుగురిలో నికరంగా పనిచేసేది మగ్గం మీద కూర్చునే అత్త ఒక్కతే. మామకు భుజం పట్టేసింది. పడుగు దారాలు సరిచేయడం, నూలు తేవడం, నేసిన చీరలు షావుకారుకు ఇచ్చి రావడం ఆయన వంతు. నేను రాట్నం మీద నూలు కండెలు చుడతాను, అదీ వంకరగా.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ముట్టు వచ్చిన రోజుల్లో ఆడమనిషి మగ్గం తాకకూడదు. పడుగు మైలపడుతుందట. మైలపడిన పడుగు ఎట్లుంటుందో చూపించమని అడిగితే ఎవరూ చూపించలేదు. అత్త మాత్రం కాపురానికి వచ్చినప్పటినుంచీ నెలనెలా ఆ రోజులు మగ్గం గది గడప ఇవతలే కూర్చుంది. సగం నేసిన అంచును దూరం నుంచి చూస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. అందుకే ముట్టు నిలిచిపోయిన ఏడాది, ఊళ్ళో తతిమ్మా ఆడవాళ్ళు ఒళ్ళంతా ఆవిర్లని, నిద్ర లేదని ఏడుస్తుంటే, అత్త సంతోషపడిందట. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు గొప్పగా చెప్పింది: "ఇంక నెలంతా నాదే పిల్లా. ఎవురూ లేపేది లేదు."

లేపేవాళ్ళు ఎవరూ రాలేదు. ఆమే లేచింది.

నేను వచ్చిన కొత్తలో గంటకోసారి లేచేది. తర్వాత అరగంటకే. ఒంటేలికి పోయి వచ్చేది, మొహం చిట్లించుకుని నిలబడేది, మళ్ళీ కూర్చునేది. కూర్చుని తొక్కుడు కర్ర తొక్కినప్పుడల్లా పళ్ళు బిగించేది. పలక మీద పాత చీర మడతపెట్టింది. దానిమీద ఇంకో చీర. చివరికి ఒకరోజు మామ "ఏమైందే?" అని అడిగితే, అత్త ఒక క్షణం ఆలోచించి చెప్పింది: "మొలలు."

ఆ చుట్టుపక్కల, నోరు విప్పి బయటికి చెప్పుకోగలిగిన జబ్బు అదొక్కటే. మా సీమలో ఏ బస్టాండు గోడ చూసినా మొలలకు మందు అని చెయ్యంత అక్షరాలతో రాసి ఉంటుంది. గోడకెక్కిందంటే మర్యాదైన జబ్బే.

ఇంక చూడండి. మొలల కోసం వీధి మొత్తం నడుం కట్టింది. పక్కింటామె కందగడ్డ తెచ్చింది. ఎదురింటాయన ముల్లంగి రసం అన్నాడు. ఎవరో మేకపాలు పంపించారు. అందరూ కలిసి మా ఇంట్లో కారం మాన్పించారు. సంగటిలోకి ఎర్రకారం లేదు, పప్పులో పచ్చిమిరపకాయ లేదు. మామ తనకు వేరేగా వండించుకోకుండా అదే తిన్నాడు. అది ఆయన ప్రేమ. మెతుకు మెతుక్కీ మొహం అట్లా పెట్టుకుని తినకపోతే ఇంకా బాగా కనిపించేది.

ఒకరోజు ఆయన ఎక్కడినుంచో పాత స్కూటరు ట్యూబు తెచ్చాడు. సైకిల్ షాపులో గాలి కొట్టించి, పలక మీద పెట్టి, "దీనిమీద కూర్చో, నడిమధ్య బొక్క ఉండాది, తగలదు" అన్నాడు. అత్త కూర్చుంది. ట్యూబు ఎత్తుకు ఆమె కాళ్ళు తొక్కుడు కర్రలకు అందలేదు. గుంతలో పాదాలు గాల్లో ఆడిస్తూ, అడ్డనూలు నడిపే నాడె చేతిలో పట్టుకుని, తొట్టిలో కూర్చోబెట్టిన పిల్లలా మా ఇద్దరి వంకా చూసింది. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. నవ్వు కదలికకు మంట లేచిందేమో, సగంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె మగ్గం మీద కూర్చోవడం మానేసింది. పడుగు సగంలో నిలిచిపోయింది. మాపుగానే చాప, దిండు తీసుకుని మగ్గం గదిలోనే పడుకోవడం మొదలుపెట్టింది. మామ బయట అరుగుమీద మంచం వేసుకున్నాడు. పొద్దున లేచి ఒకరినొకరు చూసుకోకుండా కాఫీ తాగేవాళ్ళు. ఇద్దరి మధ్య గ్లాసులు అందించే పని నాది.

కుళాయి దగ్గర తీర్పు వచ్చేసింది. కోడలొచ్చింది, అత్త మగ్గం దిగింది.

"ఏం పిల్లా, అత్తను శానా సుఖపెడతాండావంటనే. మగ్గం గూడా దించేసినావంట" అంది ఒక పెద్దామె.

"అవును పెద్దమ్మా. వచ్చే నెల ఏనుగు ఎక్కిస్తాండాం" అన్నాను.

జోకు బాగానే పేలింది. ఇంటికొచ్చి బిందె దించేసరికి మాత్రం నాకే దిగులేసింది. అత్త వంటింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఊరికే. కూర్చోకుండా ఉండడానికి నిలబడింది, అంతే.

అసలు సంగతి స్నానాలగది వాసన వల్ల బయటపడింది. గాయాలకు వాడే ఆ ఘాటైన క్రిమిసంహారక మందు వాసన. కొత్త సీసా కొంటే వారంలో అడుగంటింది.

అత్త మగ్గం గదిలో రాట్నం ముందు గొంతుక్కూర్చుని కండెలు చుడుతోంది. మామ నూలుకు పోయాడు.

"అత్తా, స్నానాలగదిలో ఆస్పత్రి ఏమన్నా తెరిచినావా? ఇంట్లో ఎవురికి దెబ్బ తగిలింది?"

రాట్నం తిరుగుతూనే ఉంది.

"మొలలు కావు పిల్లా" అంది.

"మరి?"

"ముందరపక్క."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు. దారం వైపే చూస్తూ చెప్పింది.

"ఎండిపోయినట్ల ఉండాది. గీరుకుపోయినట్ల. ఒంటేలికి పోతే కారం చల్లినట్ల మంట. పలక మీద కూర్చొని తొక్కుతాంటే రాసుకొని రాసుకొని ఇంక తట్టుకోలేను. ఏమన్నా మురికి చేరిందేమో అని ఆ మందు నీళ్ళలో కలిపి కడుగుతాండా. సోపు గూడా. కడిగినకొద్దీ ఎక్కువైతాంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముట్టు నిలిచిన యాడాదికి మొదలాయె. రెండేండ్లు దాటె."

"మామకు తెలుసునా?"

రాట్నం ఆగింది. "ఏమని చెప్పాల? ఆయప్ప దగ్గరికొస్తే నాకు భయం. చానా నొప్పి లేస్తాది. వద్దంటే మొగం తిప్పుకుంటాడు. అందుకే ఈడ పండుకుంటాండా. ఈ వయసులో ఈ గోలేందని నవ్వరా ఎవురైనా?"

నేను నవ్వలేదు. నవ్వడానికి అలవాటు పడిన మనిషి నవ్వకుండా కూర్చుంటే చేతులు ఏం చేసుకోవాలో తెలియదు. ఒక కండె తీసుకుని విప్పి మళ్ళీ చుట్టాను. ఫోన్లో వెదికాను. మొదట వచ్చింది ఒక స్వామీజీ లేహ్యం. రెండోది భర్తను ఆకట్టుకోవడానికి చిట్కాలు. ఫోన్ బోర్లా పెట్టేశాను.

"కర్నూలు పోదాం" అన్నాను. "కడపలో అయితే వీధిలో సగం మంది అక్కడే తగులుతారు. మా అమ్మను చూసే వంకతో పోదాం."

"మీ మామ ఈ గుంత పూడ్చేయాలంటాండాడు" అంది అత్త మెల్లగా. "ఎవురూ కూర్చోనిదానికి ఎందుకని. పడుగు ఉండాది కాబట్టి ఆగినాడు. నాకు బాగయితాదంటావా?"

బాగవుతుందని నాకెలా తెలుస్తుంది? "అవుతుంది" అన్నాను.

కర్నూలు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె చాలా దూరం కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నాడు. "మొలలప్పా" అంది. అతను గౌరవంగా వెళ్ళిపోయాడు. కల్లూరుకు షేర్ ఆటోలో మాత్రం నిలబడే వీలు లేదు. గుంత వచ్చినప్పుడల్లా నా చేయి పట్టుకుంది. ఆ దారిలో గుంతలు లేని చోటు లేదు కాబట్టి చేయి వదల్లేదు.

మా అమ్మ "ఏం వదినా, ఇట్ల చిక్కిపోయినావు?" అంది. "కారం లేదు గదా వదినా" అంది అత్త. అదొక్కటి నిజం.

మరుసటి రోజు కర్నూలులో, ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గర బెంచీ నిండా కడుపుతో ఉన్నవాళ్ళు. పక్కనామె నన్ను ఆప్యాయంగా చూసి, "ఎన్నో నెల?" అంది. "నాకు కాదక్కా, మా అత్తకు" అన్నాను. బెంచీ మొత్తం అత్త కడుపు వైపు తిరిగింది. అత్త నా తొడ మీద గిల్లిన గుర్తు రెండు రోజులు ఉండింది.

లోపల అత్త మొదట బీపీ గురించి చెప్పింది. తర్వాత మోకాలి నొప్పి. ఆమెకు మోకాలి నొప్పి లేదు. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, నీ వయసు వాళ్ళందరూ నా దగ్గరికి బీపీ అనే వస్తారు. కింద మంటగా ఉందా?" అంది.

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో నేను చెప్పేశానేమోనని అనుమానం, చెప్పి ఉంటే బాగుండునని ఆశ, రెండూ ఉన్నాయి.

పరీక్ష చేశాక డాక్టరమ్మ చెప్పింది. ముట్టు నిలిచాక ఒంట్లో ఒక హార్మోను తగ్గిపోతుంది. యోని లోపలి పొరను మెత్తగా, తేమగా ఉంచేది అదే. అది తగ్గితే పొర పలచబడి, ఎండిపోతుంది. మంట, దురద, మాటిమాటికీ ఒంటేలు, భర్తతో కలిస్తే నొప్పి, అన్నీ దానివల్లే. మురికి కాదు, తప్పు కాదు, ఎవరి శాపం కాదు. ఆవిర్లు కొన్నేళ్ళకు తగ్గుతాయిగానీ ఇది దానంతట అది తగ్గదు, పట్టించుకోకపోతే పెరుగుతుంది.

"ఎట్లుంటుందంటే, ఎడారి ఉంటుంది చూడు..." అని ఆమె ఇంకా వివరించబోయింది.

"కడప జిల్లా దానికి ఎడారి ఎందుకు చెప్తావులేమ్మా. మందు చెప్పు" అంది అత్త.

ఆ ఘాటు మందు, సోపు, పౌడరు అక్కడ తగలనీయకూడదంది. ఉత్త నీళ్ళు చాలు. ఆ మందే సగం మంట పెంచిందట. రొమ్ములో గడ్డలు, కాన్సరు లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా, ముట్టు నిలిచాక మళ్ళీ రక్తం కనిపించిందా అని అడిగింది. లేదంటే, లోపల రాసుకునే హార్మోను క్రీము రాసింది. మొదట కొన్నాళ్ళు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. భర్తతో ఉన్నప్పుడు వాడుకోవడానికి వేరే జెల్లీ. ఎప్పుడైనా రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా రమ్మంది.

"మగ్గం మీద కూర్చోవచ్చునా?" అంది అత్త. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

"కూర్చోవచ్చు. రేపే కాదు. కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో లేస్తూ ఉండు."

బయటికొచ్చాక అత్త మెట్ల మీద నిలబడి చాలాసేపు రోడ్డు చూసింది. "ఇంతేనా?" అంది. "రెండేండ్లు ఇంతేనా?"

చెరకురసం తాగుదామన్నాను. నిలబడి తాగాం.

మా అమ్మ పట్టు పట్టి నాలుగు రోజులు ఉంచుకుంది. తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. మామ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఎన్నాళ్ళకో మొహంలో కళ కనిపించింది. "రా, రా, చూడు" అని అత్తను మగ్గం గదిలోకి తీసుకుపోయాడు.

మగ్గం లేదు. గుంత లేదు. గది నిండా నల్లటి కడప బండలు, సందుల్లో సిమెంటు ఇంకా తడిగా, కడిగి తుడిచి నిగనిగలాడుతున్నాయి.

"ఎట్లుండాది?" అన్నాడు మామ. "మొలలున్నోళ్ళు గుంతలో కూర్చుంటే ఎన్నటికీ తగ్గదంటనే. అందరూ అదే చెప్తిరి. నువ్వేమో పొద్దున లేస్తే ఆ గుంతను చూసి చూసి కుమిలిపోతాండావు. ఇంక ఆ బాధ లేదు. నువ్వు లేనప్పుడే అయిపోతే మంచిదని మేస్త్రీని పిలిపిస్తి. మగ్గం విప్పి అటక మీద పెట్టినా."

"పడుగు?"

"పక్కింటికిచ్చినా. ఆయమ్మ వాళ్ళ మగ్గానికి అతికించుకొనింది. మిగతాది నేస్తుంది."

సినిమా అయితే ఇక్కడ ఉరుము ఉరుముతుంది. మా ఇంట్లో కరెంటు పోయింది. రోజూ ఆ వేళకు పోతుంది. అత్త చేతిలో మందుల సంచి అట్లాగే ఉంది. "బాగుండాది" అంది. కాళ్ళు కడుక్కోవడానికి పోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది, రెండు కాళ్ళకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు.

"మామకు నువ్వు చెప్పు" అంది నాతో మరుసటి రోజు.

"మీ ఆయన, నీ మొలలు. నాకేం సంబంధం? కోడలు మామకు చెప్పే మాటేనా అది?"

ఉల్లిగడ్డలకని బయటికి పోయాను. షాపు మూసి ఉంది. వెంటనే తిరిగొస్తే అత్త గొంతు వినిపించి అరుగు మీదే ఆగిపోయాను.

"మొలలు కాదు" అంటోంది.

"మరి సంచి నిండా మందులు తెస్తివే, కర్నూలులో డాక్టరుకు ఏం చూపించుకొంటివి?"

ఆమె చెప్పింది. రాట్నం ముందు నాకు చెప్పిన మాటలే, ఇంకా తక్కువ మాటల్లో. ఆ తర్వాత మామ గొంతు, ఎవరిదో చిన్నపిల్లవాడిది లాగా:

"అయితే నా మీద కోపం కాదా?"

"నీ మీద కోపమెందుకు?"

"ఇన్నాళ్ళు మొగం చూపించక పండుకొంటివి. నేనేం తప్పు చేసినానో అని అనుకొంటాంటి."

"అడిగితివా?"

"నువ్వు చెప్తివా?"

లోపలికి పోదామని చెప్పులు విడిచాను. అంతలో మామ అన్నాడు: "అట్లయితే ఇంక కూరలో కారం ఎయ్యొచ్చునా?"

ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు దండిగా వేసి గొడ్డుకారం నూరాం. అత్త తింటూ కళ్ళు తుడుచుకుంది. కారం వల్లేనని మేమందరం ఒప్పుకున్నాం.

మందు మెల్లగా పనిచేసింది. మొదటి వారం ఏమీ తెలియలేదు. "డాక్టరమ్మ మోసం చేసింది" అంది. ఘాటు మందు మానేశాక మంట కాస్త తగ్గింది. నెల దాటాక ఒకరోజు అన్నం తిని, కూర్చున్నచోటే అట్లాగే కూర్చుని ఉంది, లేవడం మర్చిపోయి. నేను చూశాను, చెప్పలేదు. చెబితే లేస్తుందేమోనని భయం. ఇంకొన్నాళ్ళకు ఆ బండల గదిలో చాప, దిండు కనిపించలేదు. అడగలేదు. కోడలికి కొన్ని తెలియకపోవడమే మంచిది, నాకు అప్పటికే ఎక్కువ తెలుసు.

ఆ రోజుల్లోనే అత్త పక్కింటికి పోయింది. నేనూ వెంట పోయాను. ఆమె పడుగు, ఆమె మొదలుపెట్టిన అంచు, పక్కింటామె మగ్గం మీద ఉంది. "ఒక చీర కొలత ఉండాది. కూర్చో వదినా, నేసి చూడు" అంది ఆమె. అత్త పలక మీద కూర్చుంది. కాళ్ళు కిందికి దించింది. మొహంలో నొప్పి లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

కానీ గుంతను ఎవరు నేస్తారో వాళ్ళ కాళ్ళ కొలతకే తవ్వుతారు. పక్కింటామె పొడుగు మనిషి. అత్త కాళ్ళు అందీ అందక ఆడాయి. వేళ్ళ కొనలతో తొక్కుతూ కాస్త నేసింది. తర్వాత నాడె పక్కన పెట్టి, నేసిన చోట చేత్తో ఒకసారి నిమిరి లేచింది. "నీ చెయ్యి బాగా పడింది వదినా, నువ్వే నెయ్యి" అంది.

ఇంటికొచ్చాక మామ గడ్డపార తీశాడు. "బండలు లేపేస్తా. మళ్ళా తవ్విస్తా."

"వద్దు."

"ఎందుకు వద్దు? నీకు బాగాయె గదా."

"గుంత ఎందుకు పూడ్చినావంటే మొలలని ఊరంతా చెప్పినావు. ఇప్పుడెందుకు తవ్వుతాండావంటే ఏమని చెప్తావు?"

"మొలలు తగ్గినాయని చెప్పు" అన్నాను నేను. అంత తేలికైన సంగతి.

అత్త నా వంక చూసింది. "తగ్గినాయంటే ఏ మందు, ఏ డాక్టరు అని అడగరా? వీధిలో మొలలున్నోళ్ళంతా బస్సెక్కి పోయి ఆ డాక్టరమ్మ ముందర కూర్చుంటారు."

మామ నవ్వాడు. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. గడ్డపార తీసుకుపోయి పెరట్లో గోడకు ఆనించి వచ్చింది.

ఇప్పుడు ఆమె ఆ బండల మీద కూర్చుని వేరేవాళ్ళ మగ్గాలకు కండెలు చుడుతుంది. ఎంతసేపైనా కూర్చుంటుంది. పక్కింట్లో మగ్గం చప్పుడు మొదలైనప్పుడు మాత్రం రాట్నం కాస్త నిదానిస్తుంది, ఆగదు. నెలంతా ఆమెదే. ఎవరూ లేపేది లేదు.

క్రీము వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం రాసుకోవాలి. ఆ రకం మా ఊళ్ళో దొరకదు. జమ్మలమడుగులో మందుల షాపువాళ్ళు కూడా ముందురోజు చెబితేనే తెప్పిస్తారు. ఆదివారం షాపు ఉండదు, అందుకే ట్యూబు అయిపోవచ్చినప్పుడు మామ శుక్రవారమే పోయి చెప్పి వస్తాడు.